రైతు సాయం లిస్టు గోడ మీద అంటించాలా? అంటిస్తే అందులో ఏముండాలి?

పొలంగట్టు
22 నవంబర్ 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కాస్త పొడవుగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మా అమ్మకి పల్నాడు వైపు ఎకరం అరవై సెంట్ల మెట్ట ఉంది. మిరప వేస్తుంది, ఒక్కో ఏడు కంది. నాన్న 2021లో పోయారు. తర్వాత భూమి అమ్మ పేరుకి మారింది. పాసుపుస్తకం ఉంది, భూమి రికార్డు 1బిలో పేరుంది, ఏ పంట వేశామో రాసే ఈ-పంటలో ఏటా నమోదవుతోంది, వేలిముద్ర కూడా వేసి వస్తుంది. రెండేళ్లు కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ డబ్బులు పడ్డాయి కూడా. ఈ ఆగస్టు 2న రాష్ట్రం ఇచ్చే అన్నదాత సుఖీభవ మొదటి విడత 5,000, దానికి తోడు పీఎం కిసాన్ 2,000, మొత్తం 7,000 పడాలి. పడలేదు. మొన్న 19న రెండో విడత వేశారు. అదీ పడలేదు. 14,000 అంటే అమ్మకి ఒక పంట ఎరువుల ఖర్చు.

ఎందుకు పడలేదో చెప్పేవాళ్లు లేరు. అడిగిన ప్రతిచోటా "పైనుంచే రాలేదమ్మా" అన్నారు. లిస్టు ఒకరోజు అంటించారట. పొలం పని ముగించుకుని అమ్మ వెళ్లేసరికి సగం చిరిగి ఉంది.

చిరగకముందు ఎవరో తీసిన ఫోటో ఊరి వాట్సాప్ గ్రూపుకి వచ్చింది. పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఆధార్ 12 అంకెలు, అన్నీ అందులో ఉన్నాయి. వారం తిరక్కుండా మా పెదనాన్నకి "మీ విడత ఆగింది, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ వచ్చింది. ఆయన చెప్పేశారు. 11,000 పోయాయి.

అందుకే అడుగుతున్నాను. లిస్టు పెట్టకపోతే అమ్మకి అన్యాయం, పెడితే పెదనాన్నకి నష్టం. ఏం చెయ్యాలి?

---

కృష్ణాడెల్టా_కౌలు
22 నవంబర్ 2025, రాత్రి 10:25

చెల్లెమ్మా, పెదనాన్నగారి విషయం చదివి బాధేసింది. ముందు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయించండి. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. బ్యాంకులో కూడా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

ఇక లిస్టు సంగతి. నేను నాలుగెకరాలు కౌలుకి చేస్తాను, సొంతంగా సెంటు లేదు. 2019 అక్టోబర్‌లో మన రాష్ట్రంలో రైతు భరోసా మొదలైనప్పుడు కౌలుదారుల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకే అన్నారు. నేను ఓసీ, నాకు రాలేదు. బాధపడ్డాను, కానీ ఎందుకు రాలేదో నాకు తెలుసు. నిబంధన అది. దాని మీద మాట్లాడొచ్చు, పోట్లాడొచ్చు. తెలిసిన కారణం ఎలాగో మింగుడు పడుతుంది. మీ అమ్మగారికి జరిగింది అలాంటిది కాదు. అసలు కారణమే చెప్పకుండా తిప్పుతున్నారు.

నా మాట ఒక్కటే. డబ్బు వచ్చినవాళ్ల లిస్టు సగం కాగితమే. రాని వాళ్ల లిస్టు, పక్కన కారణం, అదీ అంటించాలి.

---

సహచట్టం_మాస్టారు
23 నవంబర్ 2025, ఉదయం 6:50

అమ్మా, కౌలు రైతుగారు చెప్పిన మాట చట్టంలోనే ఉంది. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 4(1)(బి), అందులో 12వ అంశం చూడండి. సబ్సిడీ పథకాలు ఎలా అమలు చేస్తున్నారు, ఎంత కేటాయించారు, లబ్ధిదారులు ఎవరు, ఈ వివరాలు ప్రభుత్వ కార్యాలయం తనంతట తానే బయటపెట్టాలి. ఎవరూ దరఖాస్తు పెట్టనక్కర్లేదు. పీఎం కిసాన్ మార్గదర్శకాల్లో కూడా ఊరి స్థాయిలో జాబితా ప్రదర్శించాలని ఉంది. వెబ్‌సైట్‌లో రాష్ట్రం, జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుంటే ఊరి జాబితా వస్తుంది కూడా.

ఆధార్ అంకెలు గోడకెక్కించడం మాత్రం చట్టవిరుద్ధం. ఆధార్ చట్టం సెక్షన్ 29(4) ప్రకారం ఆ నంబరును బహిరంగంగా ప్రదర్శించకూడదు. ఈ తప్పు మీ ఊళ్లోనే జరిగిందనుకోకండి. 2018 ఏప్రిల్‌లో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లోనే 1.34 లక్షల మంది ఆధార్ నంబర్లు బయటపడ్డాయి.

అంటే లిస్టు పెట్టాలా వద్దా అని మనం తేల్చుకోవాల్సిన పని లేదు. లిస్టు పెట్టి తీరాలి, ఆ అంకెలు అందులో ఉండకూడదు. రెండూ చట్టమే చెప్పింది.

---

మిర్చియార్డు
23 నవంబర్ 2025, ఉదయం 8:05

మా ఊళ్లో కూడా ఇలాగే అంటించారు. ఇదిగో ఫోటో.

[ఫోటో తొలగించబడింది]

నిర్వాహకులు
23 నవంబర్ 2025, ఉదయం 8:20

మిర్చియార్డు గారు, మీ ఫోటోలో 40 మందికి పైగా రైతుల ఆధార్, ఫోన్ నంబర్లు కనిపిస్తున్నాయి. అందుకే తీసేశాం. మీ ఫోన్‌లో, మీరు పంపిన గ్రూపుల్లో కూడా తీసేయమని మనవి. పేర్లు, నంబర్లు చెరిపి పెడితే అభ్యంతరం లేదు.

మిర్చియార్డు
23 నవంబర్ 2025, ఉదయం 8:31

క్షమించండి, చూసుకోలేదు. మూడు గ్రూపుల్లో పెట్టాను, అన్నిట్లో డిలీట్ చేశాను.

---

పంటల_నమోదు
23 నవంబర్ 2025, మధ్యాహ్నం 1:15

నేను రైతు సేవా కేంద్రంలో పని చేస్తాను. ఎక్కడో చెప్పను, అర్థం చేసుకోండి.

పొలంగట్టు గారు, "పైనుంచి రాలేదు" అనే మాట మీకు తప్పించుకోవడంలా వినిపిస్తుంది. చాలాసార్లు మా లాగిన్‌లో కనిపించేది నిజంగా అంతే. అర్హుల ఫైలు వస్తుంది. అనర్హుల ఫైలు కూడా వస్తుంది, కానీ కారణం గడిలో ఏదో ఒక పొట్టి మాట ఉంటుంది, లేదా ఖాళీగా ఉంటుంది. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో మాకూ తెలియదు.

డబ్బు ఆగిపోయే చోట్లు కొన్ని చెప్తాను, చూసుకోండి. ఈకేవైసీ, అంటే ఆధార్‌తో మనిషిని సరిచూడటం, కాకపోవడం ఒకటి. ఆధార్‌కి భూమి ముడి పడకపోవడం ఇంకొకటి, ల్యాండ్ సీడింగ్ అంటారు. బ్యాంకు ఖాతా ఉన్నా ఎన్‌పీసీఐ మ్యాపింగ్, అంటే సాయం పడే ఖాతాగా దాన్ని ఆధార్‌కి కట్టడం, లేకపోతే డబ్బు వెనక్కి పోతుంది. ఆఖరుసారి ఏ ఖాతాకి ఆధార్ కట్టారో అందులోకే పడుతుంది కాబట్టి కొందరికి డబ్బు వచ్చినా తెలియదు, ఎప్పుడో గ్యాస్ కోసం తెరిచిన ఖాతాలో పడి ఉంటుంది. ఇవి కాక కుటుంబానికి ఒక్కరికే అనే నిబంధన ఉంది. కొడుకు ఆదాయపు పన్ను కడుతుంటే, వేరే కాపురం ఉన్నా, ఒకే ఇంటి కింద నమోదై ఉంటే తల్లికి ఆగిపోతుంది. మీరు ఎక్కడైనా ఉద్యోగం చేస్తుంటే ముందు అది చూడండి.

లిస్టు అంటించడం గురించి మా బాధ కూడా వినండి. అంటించిన రోజు నుంచి మా ఆఫీసు ముందు జనం. "వాడికెందుకు వచ్చింది, నాకెందుకు రాలేదు" అని మమ్మల్నే తిడతారు. మేం లిస్టు తయారుచెయ్యలేదు. అయినా మా చొక్కా పట్టుకుంటారు. అందుకే కొందరు పొద్దున అంటించి, ఫోటో తీసి పైకి పంపి, సాయంత్రం తీసేస్తారు. అది తప్పే. ఎందుకు జరుగుతోందో చెప్తున్నాను, అంతే.

---

కృష్ణాడెల్టా_కౌలు
23 నవంబర్ 2025, మధ్యాహ్నం 2:02

తమ్ముడూ, నిజం చెప్పినందుకు సంతోషం. కానీ చూడు, మీ చొక్కా పట్టుకునేది కారణం గడి ఖాళీగా ఉండబట్టే. అక్కడ "ఎన్‌పీసీఐ లేదు" అని ఉంటే జనం బ్యాంకుకి పోతారు, నీ దగ్గరకి ఎందుకు వస్తారు?

---

పాలమూరు_బిడ్డ
23 నవంబర్ 2025, రాత్రి 8:45

తెలంగాణ సంగతి కూడా చెప్తాను, మీకు పనికొస్తుంది.

2018 మే 10న హుజూరాబాద్ దగ్గర రైతుబంధు అని పెట్టుబడి సాయం మొదలుపెట్టారు. ఎకరాకు పంటకు 4,000. ఆ మొదటిసారి చెక్కులు ఇచ్చారు. మా ఊర్లో బడి దగ్గర టెంటు వేసి, ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలిచి ఇచ్చారు. ఎవరికి ఎన్ని ఎకరాల చెక్కు వచ్చిందో ఊరంతా చూసింది. "అరే, ఆయన ఆ భూమి ఎప్పుడో అమ్ముకున్నాడు కదా" అని అక్కడికక్కడే అన్నవాళ్లున్నారు. ఒకరిద్దరు సిగ్గుపడి చెక్కు తీసుకోకుండా పోయారు. పారదర్శకత కోసం పెట్టిన సభ కాదది, చెక్కులు పంచడానికి పెట్టింది. అయినా ఆ పని జరిగిపోయింది.

మరుసటి పంటకు ఎన్నికలొచ్చాయి, చెక్కులు వద్దన్నారు, డబ్బు నేరుగా ఖాతాల్లో పడింది. దళారీ లేడు, క్యూ లేదు, మంచిదే. కానీ ఆ రోజు నుంచి ఎవరికి ఎంత పడుతోందో ఊరికి కనపడకుండా పోయింది. తర్వాత ఎకరాకు 5,000 అయింది, ఏడాదికి 10,000. భూమికి పరిమితి పెట్టలేదు. ముప్పై ఎకరాల ఆసామికి ఏడాదికి 3 లక్షలు, ఎకరమున్నాయనకు 10,000, కౌలుకు చేసేవాళ్లకు ఏమీ లేదు. పాత భూమి రికార్డు పహాణీలో అనుభవదారు కాలమ్ ఉండేది, ఎవరు దున్నుతున్నారో అందులో రాసేవారు. ఆ కాలమ్ తీసేశారు. రైతు స్వరాజ్య వేదిక 2022లో ఊళ్లు తిరిగి చూస్తే, కలిసిన రైతుల్లో మూడో వంతుకు పైగా కౌలుదారులే. వాళ్లు ఏ లిస్టులోనూ లేరు.

ప్రభుత్వం మారాక, 2025 జనవరిలో సాగుకు పనికిరాని భూములను 16 నుంచి 20 వరకు తిరిగి చూశారు. 21 నుంచి 24 వరకు గ్రామసభలు పెట్టి లిస్టులు చదివారు. రైతు భరోసా (రైతుబంధుకి కొత్త పేరు), భూమి లేని కూలీలకిచ్చే ఆత్మీయ భరోసా, రేషన్ కార్డులు, ఇళ్లు, నాలుగూ ఒకేసారి. చాలా ఊళ్లలో గొడవలైనవి. మా ఊర్లో కూడా కుర్చీలు లేచినవి. కానీ ప్లాట్లు చేసి అమ్మిన భూమికి ఏళ్ల తరబడి పెట్టుబడి సాయం పడిందని మాకు తెలిసింది ఆ సభలోనే. గొడవ అయిందని సభ వద్దంటే నేను ఒప్పుకోను.

---

రైన్‌తీరం
24 నవంబర్ 2025, రాత్రి 12:30

నేను జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఉంటున్నాను. మాది తూర్పు గోదావరి, నాన్నగారు ఇంకా వ్యవసాయం చేస్తున్నారు. ఈ చర్చ ఇక్కడ అచ్చంగా ఇలాగే జరిగింది, అందుకే రాస్తున్నాను.

యూరోపియన్ యూనియన్ రైతులకి ఇచ్చే సబ్సిడీల్లో ఎవరికి ఎంత అందిందో ఇంటర్నెట్‌లో పెట్టాలని నియమం తెచ్చారు. నేనుండే హెస్సెన్ రాష్ట్రంలోనే ఒక రైతు, ఒక వ్యవసాయ సంస్థ కోర్టుకి వెళ్లారు, మా పేర్లు ఎందుకు పెడుతున్నారని. 2010 నవంబర్ 9న లక్సెంబర్గ్‌లోని యూరప్ కోర్టు తీర్పు చెప్పింది. సంస్థల పేర్లు పెట్టొచ్చు, కానీ మామూలు వ్యక్తుల విషయంలో ఎంత మొత్తం, ఎన్నిసార్లు అని చూడకుండా అందరి పేర్లూ గంపగుత్తగా పెట్టడం హద్దు దాటడమేనంది. ఆ వివరాలు తీసేశారు. తర్వాత 2013లో కొత్త నియమం వచ్చింది. మళ్లీ పేర్లు పెట్టారు, కానీ ఏడాదికి 1,250 యూరోల లోపు వచ్చే చిన్న రైతుల పేరు బదులు ఒక కోడ్ మాత్రమే ఉంటుంది. ఎవరి వివరమైనా రెండేళ్లే ఉంచుతారు.

మన దగ్గర కూడా ఇలా ఒక గీత గీయొచ్చేమో. చిన్న మొత్తాలకి పేరు దాచి, పెద్ద మొత్తాలకి పేరు పెట్టడం. మీరేమంటారు?

---

అనంత_మెట్ట
24 నవంబర్ 2025, ఉదయం 7:40

రైన్‌తీరం గారు, చాలా మంచి సంగతి చెప్పారు. కానీ ఆ గీత మన ఊళ్లలో పని చెయ్యదని నా అనుభవం. నేను ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో ఆరేళ్లు డీఆర్పీగా, అంటే ఊరూరా తనిఖీ చేసే మనిషిగా, తిరిగాను.

అక్కడ లిస్టు ఎందుకు పెట్టారు? పెద్ద భూస్వాములకీ కంపెనీలకీ ప్రజల డబ్బు ఎంత పోతోందో జనం చూడాలని. అందుకని చిన్నవాళ్లని వదిలేసినా నష్టం లేదు. మన దగ్గర లిస్టు దగ్గరకి వచ్చేది ఎవరు? రెండెకరాల ఆయన, ఎకరం ఆమె. వాళ్లొచ్చేది ఇంకొకరిని పట్టుకోవడానికి కాదు, తమ పేరు వెతుక్కోవడానికి. చిన్న మొత్తమని పేరు తీసేసి కోడ్ పెడితే, ఎవరి కోసం లిస్టు పెట్టామో వాళ్లకే అది అందదు.

ఇంకొక విషయం. మీరందరూ నోటీసు బోర్డు, వెబ్‌సైట్ అంటున్నారు. చదువు రాని మనిషికి నోటీసు బోర్డూ గోడా ఒకటే. 1990లలో రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు జన్ సున్‌వాయీలు, అంటే ప్రజా విచారణలు, మొదలుపెట్టినప్పుడు చేసింది ఏమిటి? కూలీల హాజరు పట్టీ, మస్టర్ రోల్, తీసుకుని ఊరి మధ్య గట్టిగా చదివారు. చనిపోయిన వాళ్ల పేరు మీద కూలి రాసుకున్నారని వింటున్నవాళ్లే చెప్పారు. అది ఏ ఆడిటర్‌కీ ఆఫీసులో కూర్చుంటే దొరకదు.

మన దగ్గర 2006 నుంచి ఉపాధి పనులకి ఇదే పద్ధతి తెచ్చారు. తర్వాత దానికోసమే ఒక ప్రత్యేక సంస్థ కూడా ఏర్పడింది. ఆఫీసు రికార్డు పట్టుకుని ఇంటింటికీ వెళ్లేవాళ్లం. "ఇందులో మీకు 42 రోజుల కూలి ఇచ్చినట్టుంది, మీ పాసుపుస్తకం చూపించండమ్మా" అనేవాళ్లం. తేడా ఉంటే అక్కడే రాసుకుని, ఊరి సభలో చదివి, తర్వాత మండలంలో ప్రజావేదిక ముందు పెట్టేవాళ్లం. ఒక ముసలావిడ నాతో "నా పేరు ఇంత గట్టిగా ఆఫీసోళ్లు పిలవడం ఇదే మొదటిసారి నాయనా" అంది. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు.

రైతు సాయానికి ఇలాంటి పద్ధతి ఎందుకు పెట్టరు? ఈ-పంట నమోదు అయ్యాక లిస్టు పెట్టి అభ్యంతరాలు అడగడం ఎటూ ఉంది. దాన్ని అంటించడంతో వదిలేయకుండా చదివి వినిపించాలి.

---

పసుపు_చేను
24 నవంబర్ 2025, మధ్యాహ్నం 12:10

ఎప్పుడూ రాయను, చదివి వెళ్తుంటాను. ఇది రాయాలనిపించింది.

నాకు పెళ్లప్పుడు మా నాన్న పసుపు కుంకుమ కింద అరెకరం ఇచ్చారు. నా పేరు మీదే ఉంది. దాని మీద వచ్చే సాయం నా ఖాతాలో పడుతుంది. నా పిల్లల ఫీజుకి అదే ఆసరా. లిస్టు చదివిన రోజు సాయంత్రం మా ఇంట్లో పెద్ద గొడవైంది. "ఇన్నాళ్లూ డబ్బు దాచావా" అన్నారు. ఆ తర్వాత ఏటీఎం కార్డు నా దగ్గర లేదు.

లిస్టు వద్దని అనను. నాలాంటి వాళ్లు కూడా ఆ లిస్టులో ఉంటారని గుర్తుపెట్టుకోండి, అంతే.

---

అనంత_మెట్ట
24 నవంబర్ 2025, మధ్యాహ్నం 12:55

తల్లీ, మీరు చెప్పింది నేను ఎప్పుడూ ఆలోచించలేదు. తనిఖీల్లో ఆడవాళ్ల మొత్తాలు గట్టిగా చదివిన రోజులు గుర్తొస్తున్నాయి, ఎంతమందికి ఇలా అయిందో. పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం చదివి, "జమ అయింది" లేదా "ఆగింది, ఫలానా కారణం" అని చెబితే చాలేమో. మొత్తం చదవక్కర్లేదు. ఎకరాల లెక్క తెలిస్తే ఎవరైనా గుణించుకోగలరు, నిజమే. పూర్తి పరిష్కారం నా దగ్గర లేదు.

కార్డు విషయం మాత్రం వదలకండి. బ్యాంకుకి వెళ్లి ఆ కార్డు ఆపించి కొత్తది తీసుకునే హక్కు మీకుంది, ఖాతా మీది.

---

పొలంగట్టు
24 నవంబర్ 2025, రాత్రి 9:15

పసుపు_చేను అక్కా, మీరు రాసింది చదివి చాలాసేపు ఏం రాయాలో తెలియలేదు. మీకు వ్యక్తిగతంగా సందేశం పంపాను.

పంటల_నమోదు గారు చెప్పినవన్నీ చూశాను. ఈకేవైసీ అయింది. ఎన్‌పీసీఐ ఉంది. నేను పన్ను కడతాను కానీ నాకు పెళ్లై వేరే కార్డు ఉంది, అమ్మ కార్డులో అమ్మ ఒక్కతే. మరి ఎందుకు?

మాస్టారూ, సమాచార హక్కు కింద అడిగితే చెప్తారా? ఈ మధ్య చట్టం మార్చారని, ఇక వ్యక్తిగత సమాచారం ఏదీ ఇవ్వరని విన్నాను. టెన్షన్‌గా ఉంది.

---

సహచట్టం_మాస్టారు
25 నవంబర్ 2025, ఉదయం 6:30

మీరు విన్నది నిజమే, చాలా బాధాకరమైన మార్పు. పాత సెక్షన్ 8(1)(జె)లో వ్యక్తిగత సమాచారమైనా ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలని అక్కడే రాసి ఉండేది. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దాన్ని కత్తిరించి "వ్యక్తిగత సమాచారం" అన్న మాట ఒక్కటే మిగిల్చింది. ఆ సవరణ ఈ నెలలోనే అమల్లోకి వచ్చింది. ఇక ఇవ్వడం ఇష్టం లేని అధికారికి ఒక్క వాక్యం చాలు.

అయినా చేతులు ఎత్తెయ్యకండి. సెక్షన్ 8(2) అలాగే ఉంది. కలిగే హాని కంటే ప్రజా ప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వొచ్చని అది చెబుతుంది. సబ్సిడీ లబ్ధిదారుల వివరాలు బయటపెట్టాలన్న సెక్షన్ 4 కూడా తీసెయ్యలేదు. అన్నిటికంటే ముఖ్యం, మీ అమ్మగారు అడిగేది తన సమాచారం. అందుకని దరఖాస్తు మీ పేరుతో వద్దు, అమ్మగారి పేరుతో, ఆమె సంతకంతో పెట్టండి.

ఈ చట్టం లేకపోతే ఎంత చీకట్లో ఉండేవాళ్లమో ఒక్క ఉదాహరణ. పీఎం కిసాన్‌లో 20.48 లక్షల మంది అనర్హులకి 1,364 కోట్లు వెళ్లాయని 2021 జనవరిలో దేశానికి తెలిసింది. వాళ్లలో సగానికి పైగా ఆదాయపు పన్ను కట్టేవాళ్లే. ఒక సమాచార హక్కు దరఖాస్తుకి కేంద్ర వ్యవసాయ శాఖ ఇచ్చిన జవాబు అది. అంతకు కొన్ని నెలల ముందు తమిళనాడులో లక్షల మంది అనర్హుల పేర్లు ఎక్కించి 110 కోట్లకి పైగా కాజేసిన సంగతి బయటపడింది.

ఇలా రాయండి, మాటలు మార్చుకోవచ్చు:

"మండల వ్యవసాయ కార్యాలయ పౌర సమాచార అధికారి గారికి. నా పేరు మీద ఉన్న ఫలానా భూమి ఖాతా నంబరు, ఫలానా సర్వే నంబరు భూమికి సంబంధించి 2025-26లో అన్నదాత సుఖీభవ, పీఎం కిసాన్ విడతలు జమ కాకపోవడానికి రికార్డులో నమోదైన కారణం నకలు ఇవ్వగలరు. ఆ కారణాన్ని ఏ తేదీన, ఏ స్థాయిలో నమోదు చేశారో తెలుపగలరు. మా గ్రామంలో అనర్హులుగా చూపిన రైతుల జాబితా, పేరు, విస్తీర్ణం, కారణంతో, ఆధార్, ఫోన్, బ్యాంకు ఖాతా వివరాలు తొలగించి, ఇవ్వగలరు. అర్హుల, అనర్హుల జాబితాలు గ్రామంలో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ప్రదర్శించారో తెలుపగలరు."

మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, ఆ పైన 10. రసీదు తప్పకుండా తీసుకోండి. 30 రోజులు గడిస్తే మొదటి అప్పీలు.

---

పంటల_నమోదు
25 నవంబర్ 2025, మధ్యాహ్నం 1:40

మాస్టారు చెప్పిన 1,364 కోట్ల సంగతికి ఒక మాట కలుపుతాను. ఆ తర్వాతే జల్లెడ బిగించారు. ఈకేవైసీ, భూమి ముడి, పన్ను జాబితాతో పోల్చడం, మరణాల జాబితాతో పోల్చడం. అనర్హులు పోయారు, మంచిదే. కానీ జల్లెడ ఎంత బిగిస్తే మంచి గింజ కూడా అంత కింద రాలుతుంది. పైనుంచి ఒక్క క్లిక్‌తో తీసేసిన పేరుని తిరిగి ఎక్కించాలంటే ఆ రైతు నాలుగు ఆఫీసులు తిరగాలి. ఏడాదికి కొంత శాతం మందిని నేరుగా వెళ్లి చూడాలని పీఎం కిసాన్ నియమం ఉంది, అది డబ్బు తీసుకుంటున్నవాళ్లని చూడటానికి. తీసేసినవాళ్ల ఇంటికి ఎవరూ వెళ్లరు.

---

కృష్ణాడెల్టా_కౌలు
25 నవంబర్ 2025, రాత్రి 8:00

మాస్టారూ, నేనూ ఒకటి అడగొచ్చా? లిస్టులో సర్వే నంబరు ఉండాలని పట్టుబట్టండి. నేను దున్నే చెక్కకి యజమాని పేరు మీద సాయం పడుతుంది. ఆయన ఊళ్లో ఉండడు. కౌలుదారుకి ఇచ్చే సాగుదారు కార్డుకి ఆయన సంతకం కావాలి, పదకొండు నెలలకే అయినా పెట్టడు. పెడితే భూమి పోతుందని ఆయన భయం. 2019 సాగుదారు హక్కుల చట్టంలో భూమి హక్కుకి ఏ ఇబ్బందీ ఉండదని రాశారని ఎన్నిసార్లు చెప్పినా నమ్మడు. ఆయన మీద నాకు కోపం లేదు. కానీ సర్వే నంబరుతో పాటు లిస్టు చదివితే, ఆ చెక్కలో కాలు పెట్టేది ఎవరో ఊరికి తెలుసు. పేరు ఒక్కటే చదివితే నేను ఎక్కడా లేను.

సహచట్టం_మాస్టారు
25 నవంబర్ 2025, రాత్రి 8:25

తప్పకుండా. దరఖాస్తులో మూడో అంశంలో "పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం" అని మార్చుకోండమ్మా.

---

పొలంగట్టు
26 డిసెంబర్ 2025, రాత్రి 10:05

మాస్టారూ, జవాబు వచ్చింది. 29వ రోజున. అమ్మకి ఫోన్‌లో చదివి వినిపించలేక రేపు ఊరికి వెళ్తున్నాను. ఆదివారం ఊళ్లో సభ పెట్టిస్తానని సర్పంచ్ గారు ఒప్పుకున్నారు. పంటల_నమోదు గారు, మీరు చెప్పిన జల్లెడ మాటే నిజమైంది. వచ్చాక రాస్తాను.

---

పొలంగట్టు
29 డిసెంబర్ 2025, రాత్రి 9:30

రచ్చబండ దగ్గర యాభై, అరవై మంది వచ్చారు. ఆడవాళ్లు ఎక్కువ. అనర్హుల లిస్టు మా పంచాయతీ కార్యదర్శి చదివారు. ఆధార్, ఫోన్ లేకుండా పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, కారణం మాత్రమే. అనంత_మెట్ట గారు చెప్పినట్టు డబ్బు మొత్తాలు చదవలేదు.

మొదటి నాలుగైదు పేర్లకి ఎవరూ మాట్లాడలేదు. ఒకాయనకి "పన్ను చెల్లింపుదారు" అని వచ్చింది, ఆయనే "అవును, మా వాడు కడతాడు" అని తల ఊపాడు. ఎవరూ గొడవ చెయ్యలేదు. కౌలు అన్నయ్య చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది.

తర్వాత అమ్మ పేరు. ఎకరం అరవై సెంట్లు. కారణం: "మరణం".

నాకు ముందే తెలుసు, అమ్మకి ఇంకా చెప్పలేదు. దారిలో చెప్దామనుకుని చెప్పలేకపోయాను. అమ్మ ముందు వరసలోనే కూర్చుంది. కాసేపు అందరూ అమ్మ వైపు చూశారు. అమ్మ లేచి నిలబడి కార్యదర్శి గారితో "పోయింది ఆయనయ్యా. నేను ఇక్కడే ఉన్నా" అంది. అంతే. కూర్చుంది.

నాన్న చనిపోయినట్టు రికార్డుకి ఎక్కించినప్పుడు భూమి ఖాతా నంబరు పట్టుకుని గుర్తు పెట్టారట. భూమి అదే ఖాతాలో అమ్మ పేరుకి మారింది. ఆ తర్వాత ఎప్పుడో మరణాల జాబితాతో పోల్చినప్పుడు ఆ గుర్తు అమ్మకి అంటుకుంది. నాలుగు నెలలు ఎన్ని చోట్ల తిరిగినా దొరకని సంగతి రచ్చబండ దగ్గర ఒక్క నిమిషంలో తేలింది. కార్యదర్శి గారు ఆ కాగితం మీదే "జీవించి ఉన్నారు, సభలో హాజరు" అని రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకున్నారు. సోమవారం అమ్మ మళ్లీ వేలిముద్ర వేసింది. డబ్బు ఇంకా పడలేదు. పడితే ఇక్కడ చెప్తాను.

ఆ లిస్టులో బతికున్నవాళ్లకి "మరణం" అని ఇంకో రెండు పేర్లున్నాయి. ఒకరు కూతురి దగ్గర ఒంగోలులో ఉన్నారు, ఫోన్ చేయించాం. ఇంకొకరు సభకి వచ్చారు కానీ వెనక నిలబడ్డారు, చెవులు సరిగ్గా వినపడవు. పక్కావిడ చెయ్యి పట్టుకుని ముందుకి తీసుకొచ్చింది.

ఏడుగురికి కారణం గడి ఖాళీగానే ఉంది. సభ అయ్యాక వాళ్లలో ఒకావిడ మా ఇంటికి వచ్చి, పాసుపుస్తకం నా చేతిలో పెట్టి, "అమ్మాయ్, మీ అమ్మకి రాసినట్టే నాకూ రాసి పెట్టవా" అంది. మాస్టారూ, మీరిచ్చిన దరఖాస్తు పేరు మార్చి ఆమెకి రాశాను. మిగతా ఆరుగురివి రేపు పొద్దున రాస్తాను.